జర్మనీలో మా ఇంటి ఇంగ్లీషు బడి
(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి రాతప్రతి)



ఇవాళ నేను చెప్పబోయేది మా ఇంట్లో నడిచే ఒక చిన్న బడి గురించి. వంటగదిలో భోజనాల బల్ల మీద సాయంత్రం ఏడింటికి మొదలై ఏడున్నరకి ముగుస్తుంది. పంతులుని నేనే. పిల్లలు ఒక్కరే, మా అమ్మాయి. ఒకటో తరగతి చదువుతోంది. పాఠం ఇంగ్లీషు చదవడం, రాయడం. మేముండేది ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన. నేను చరిత్రకారుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. కానీ ఈ అరగంట బడిలో నేను చేసిన ప్రతి పొరపాటునీ నాకన్నా ముందు ఎవరో ఒకరు చేసే ఉన్నారని పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఆ కథే ఇవాళ మీతో పంచుకుంటాను.

ముందు ఒక పార్సెల్ సంగతి చెప్పాలి. డాలస్‌లో ఉండే మా అన్నయ్య పిల్లలు పోయిన చలికాలంలో మా పాప పుట్టినరోజుకి ఒక డబ్బా పంపారు. రంగు కాగితం మీద పెద్ద అక్షరాల్లో 'గిఫ్ట్' అని ఉంది. అప్పటికి పాప జర్మన్ బడిలో చేరి నాలుగైదు నెలలైంది, కూడబలుక్కుని చదవగలుగుతోంది. డబ్బా మీద మాట చదివి రెండడుగులు వెనక్కి వేసింది. "నాన్నా, ముట్టుకోకు, విషం!" అంది. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషమే మరి. ఎలుకలమందు డబ్బాల మీదా అదే మాట ఉంటుంది.

నవ్వుకున్నాం. తరవాత నిఘంటువు చూస్తే తేలిందేమిటంటే రెండు మాటలకీ తల్లి ఒకటే, 'ఇచ్చినది' అని. ఇంగ్లీషులో అది బహుమతి దగ్గర ఆగింది. జర్మన్‌లో 'ఇచ్చిన మోతాదు' అయి, చివరికి విషంగా మిగిలింది. పాత అర్థం పూర్తిగా పోలేదు. 'మిట్‌గిఫ్ట్' అంటే పెళ్ళికూతురితో పాటు ఇచ్చి పంపేది, అంటే కట్నం. ఆ మాట వినగానే మా ఆవిడ "అయితే విషం అన్న అర్థమే సరిగ్గా సరిపోయింది" అంది.

సరే, అసలు మాకు ఇంగ్లీషు గొడవ ఎందుకు? జర్మనీలో ఉన్నారు, జర్మన్ చాలదా అని అడిగేవాళ్ళున్నారు. నా ఉద్యోగం రెండేళ్ళకో ప్రాజెక్టు. ఎల్లుండి లండన్ వెళ్ళమన్నా, టొరాంటో వెళ్ళమన్నా, తిరిగి హైదరాబాదు రమ్మన్నా వెళ్ళాలి. అప్పుడు ఏ బడిలో వేసినా పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. మేమున్న హెస్సెన్ రాష్ట్రంలో ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు మూడో తరగతిలో గానీ మొదలుకాదు. పక్క రాష్ట్రం బాడెన్-వ్యూర్టెంబెర్గ్‌లో 2003లో ఒకటో తరగతి నుంచే పెట్టి, 2018లో మళ్ళీ మూడుకి జరిపారు. నార్త్‌రైన్-వెస్ట్‌ఫాలియాలోనూ ఒకటో తరగతిలో పెట్టినదాన్ని 2021లో మూడుకి తీసుకుపోయారు. ముందు పిల్లలకి జర్మన్ చదవడం, రాయడం గట్టిపడాలని వాళ్ళ వాదన.

అందుకని పాపకి ఐదో ఏడు రాగానే నేను నడుం కట్టాను. ఎలా నేర్పాను? నాకు నేర్పినట్టే. తెనాలిలో మా కాన్వెంటు బడిలో నలభైమందిమి ఒక్క గొంతుతో అరిచేవాళ్ళం, సి ఏ టి క్యాట్, ఆర్ ఏ టి ర్యాట్ అని. మా పాప చేతా అదే అనిపించాను. రెండు వారాలు బుద్ధిగా అంది. మూడో వారం ఒక ప్రశ్న వేసింది. "సి, ఏ, టి కలిస్తే 'సీయేటీ' అవ్వాలి కదా నాన్నా, క్యాట్ ఎలా అయింది?" నా దగ్గర జవాబు లేదు. "అది అంతే, చెప్పింది చెప్పు" అన్నాను. ఇంకో వారం తిరిగేసరికి పుస్తకం చూడగానే బల్ల కిందకి దూరేది. ఒకరోజు నేను గొంతు పెంచాను. అది ఏడ్చి, జర్మన్‌లో "నాకు చదవడమంటే అసహ్యం" అంది. ఐదేళ్ళ పిల్ల, చదవడం ఇంకా రానే లేదు, అప్పుడే దానిమీద అసహ్యం. ఆ రాత్రి మా ఆవిడ పుస్తకాలన్నీ అటక మీద పెట్టేసింది.

ఆ తరవాతే నేను తీరిగ్గా చదవడం మొదలుపెట్టాను. మొదటి ఆశ్చర్యం, పాప వేసిన ప్రశ్న జర్మనీలో ఐదువందల ఏళ్ళ కిందటిది. 1527లో వాలెంటిన్ ఇకెల్‌జామర్ అనే ఉపాధ్యాయుడు త్వరగా చదవడం నేర్చుకునే మార్గం అంటూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అక్షరం పేరు వేరు, దాని ధ్వని వేరు. పిల్లలకి కావలసింది ధ్వని. నోరు ఎలా పెడితే ఏ ధ్వని వస్తుందో, ఏ జంతువు అరుపులో ఏ ధ్వని వినిపిస్తుందో చూపిస్తే చాలు, పేర్లు వల్లెవేయించనక్కరలేదు అన్నాడు. 1658లో న్యూరెంబెర్గ్‌లో కొమేనియస్ అనే మొరేవియా పండితుడి బొమ్మల పుస్తకం 'ఆర్బిస్ పిక్టస్' వచ్చింది. పిల్లల కోసం బొమ్మలతో వేసిన తొలి పాఠ్యపుస్తకాల్లో అది పేరుమోసింది. దాని మొదట్లో అక్షరమాల ఇలాగే ఉంటుంది, ఒక్కో అక్షరానికి కాకో, గొర్రో, పిల్లిపిల్లో అరుస్తూ. మరుసటి ఏడాదే, అంటే 1659లో, చార్ల్స్ హూల్ అనే బడిపంతులు దాన్ని లండన్‌లో ఇంగ్లీషులోకి తెచ్చాడు.

అయినా పేర్లు వల్లించే పద్ధతి చావలేదు. ఇంకో రెండువందల ఏళ్ళు జర్మన్ పల్లెబడులు దానితోనే మోగాయి. చివరికి 1872లో ప్రష్యా ప్రభుత్వం ప్రాథమిక బడుల నియమావళి రాస్తూ, అక్షరాల పేర్లు కూడబలికి చదివించే పద్ధతి ఇకమీదట పనికిరాదని తేల్చేసింది. అంటే నా సి ఏ టి క్యాట్ ఈ దేశంలో నూటయాభై ఏళ్ళ కిందటే రద్దయిన సరుకన్నమాట. మేము తెనాలిలో దాన్ని 1990ల్లో కూడా గొంతు చించుకుని అరిచాం.

ఇక్కడ మన తెలుగు గొప్పతనం ఒకటి చెప్పకపోతే అన్యాయం. మనకి ఈ తంటా లేదు. 'క' అక్షరం పేరూ 'క', ధ్వనీ 'క'. గుణింతం వచ్చిందంటే చదవడం వచ్చినట్టే. అందుకే మనవాళ్ళు ఇంగ్లీషుని కూడా అలాగే, పేరుతో చదవవచ్చనుకున్నారేమో అని నాకో అనుమానం.

రెండో ఆశ్చర్యం కిండర్‌గార్టెన్. మన ఊళ్ళలో ఎల్‌కేజీ, యూకేజీ అంటాం కదా, ఆ 'కేజీ' ఇక్కడి మాటే. ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ తురింగియాలోని బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో ఆడుకునే బడి పెట్టి, 1840లో దానికి 'పిల్లల తోట' అని పేరు పెట్టాడు. కొయ్యదిమ్మలు, బంతులు, పాటలు, తోటపని. తల్లి ఒళ్ళో పాడే వేళ్ళాటల పాటలకి 1844లో ఒక పుస్తకమే వేశాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఇదేదో నాస్తికుల, తిరుగుబాటుదార్ల పన్నాగమని కిండర్‌గార్టెన్లని నిషేధించింది, 1860దాకా ఎత్తెయ్యలేదు. ఈలోగా అది 1851లోనే లండన్ చేరింది. అమెరికాలో మొదటిది 1856లో విస్కాన్సిన్‌లో జర్మన్ వలసకుటుంబం ఇంట్లో, జర్మన్ భాషలోనే మొదలైంది. అక్కడినుంచి లోకమంతా తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి మూడేళ్ళ పిల్లలకి నాలుగు గీతల కాపీపుస్తకం అయింది. పుట్టినచోట మాత్రం ఈరోజుకీ అందులో అక్షరాలు దిద్దించరు. మా పాప మూడేళ్ళు కిండర్‌గార్టెన్‌కి వెళ్ళి కత్తెర పట్టడం, బూట్లు తొడుక్కోవడం, వానలో బురదలో ఆడటం నేర్చుకుంది. ఫోనులో మా అమ్మ "ఇంకా ఏబీసీడీలు రాలేదా?" అని అడిగినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. ఆ తొందరలోనే పిల్ల మీద పడ్డాను.

డాలస్ అన్నయ్య ఒక సలహా ఇచ్చాడు. "మా ఇంటిపక్కవాళ్ళు పిల్లల్ని బడికే పంపరురా, ఇంట్లోనే చెప్పుకుంటారు, నువ్వూ ఒక రెండేళ్ళు అలా చెయ్యరాదూ?" అని. అమెరికాలో 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ అది చట్టబద్ధం. ఇక్కడ కుదరదు. జర్మనీలో పిల్ల బడికి వెళ్ళి తీరాలి. దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1524లోనే మార్టిన్ లూథర్ పట్టణ పెద్దలందరూ బడులు పెట్టాలని రాశాడు. 1592లో ఫాల్ట్స్-త్స్వైబ్రుకెన్ అనే చిన్న సంస్థానం మగపిల్లలకీ ఆడపిల్లలకీ కూడా బడి తప్పనిసరి చేసింది. ప్రష్యా 1717లో, 1763లో ఆజ్ఞలు ఇచ్చింది. 1919 వైమార్ రాజ్యాంగం దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. 1920 చట్టం డబ్బున్నవాళ్ళ పిల్లల ప్రైవేటు సన్నాహక బడుల్ని రద్దుచేసి, మొదటి నాలుగేళ్ళూ అందరూ ఒకే బెంచీ మీద కూర్చోవాలంది. ఇంటిచదువు దారిని పూర్తిగా మూసింది మాత్రం నాజీల కాలపు 1938 చట్టం. యుద్ధం తరవాత ఆ చట్టం పోయినా, రాష్ట్రాల చట్టాల్లో బడి తప్పనిసరి అన్నది నిలిచింది. మతవిశ్వాసం వల్ల ఇంట్లోనే చెప్పుకుంటామన్న తల్లిదండ్రులు స్ట్రాస్‌బోర్గ్‌లోని యూరోపియన్ మానవహక్కుల కోర్టుదాకా వెళ్ళారు. 2006లో ఒక కేసు, 2019లో ఇంకొకటి, రెండూ జర్మనీ వైపే తేలాయి. వేరువేరు నమ్మకాల పిల్లలు కలిసి పెరగాలన్నది ఇక్కడి కోర్టుల వాదన.

ఇది మంచా చెడా అని వాదించుకోవచ్చు. నా వరకు ఒక సంగతి తేలింది. బడి గంటల తరవాత ఇంట్లో ఏ భాష నేర్పుకున్నా అడిగేవాడు లేడు. కాకపోతే బడికి బదులు కాలేను, బడికి తోకని మాత్రమే. తోక అరగంట కన్నా పొడవుంటే పిల్ల మొయ్యలేదు.

పోయిన ఆగస్టులో పాప ఒకటో తరగతిలో చేరింది. ఇక్కడి ఆచారం ప్రకారం దాని ఎత్తులో సగం ఉన్న కాగితపు శంఖం నిండా చాక్లెట్లూ పెన్సిళ్ళూ నింపి చేతికిచ్చాం. బడిలో ధ్వనులతో నేర్పారు. క్రిస్మస్ నాటికి బోర్డులు చదవడం మొదలెట్టింది. అప్పుడు అటక మీది పుస్తకాలు దించాం. దించగానే కొత్త చిక్కు. జర్మన్‌లో డబ్ల్యూ అంటే 'వ', వి అంటే చాలాచోట్ల 'ఫ', జె అంటే 'య', జెడ్ అంటే 'త్స'. ఇ-ఐ జంట 'ఐ', ఐ-ఇ జంట 'ఈ'. ఇంగ్లీషు పుస్తకంలో 'వైన్' ఉంటే మా పిల్ల 'వీనె' అని చదివింది. 'జామ్' 'యామ్' అయింది. పైగా వేషం మార్చుకున్న మాటలు. ఇంగ్లీషులో టక్కరి ఎలుక 'ర్యాట్', అవే అక్షరాలు జర్మన్‌లో 'రాట్', అంటే సలహా. గుడిసె 'హట్' ఇక్కడ 'హూట్', టోపీ. దయ 'కైండ్' ఇక్కడ 'కింట్', పిల్ల. బట్టతల 'బాల్డ్' ఇక్కడ 'బాల్ట్', త్వరలో. నా బట్టతల వైపు చూసి "త్వరలో కాదు నాన్నా, వచ్చేసింది" అంటుంది.

ఇంగ్లీషు స్పెల్లింగు ఇంత వంకరెందుకు అని చూస్తే, మళ్ళీ జర్మనీకే చేరాను. మాకు రైల్లో అరగంట పైచిలుకు దూరంలో మైన్స్ ఉంది. 1450 ప్రాంతంలో గూటెన్‌బెర్గ్ కదిలే అచ్చులతో ముద్రణ మొదలుపెట్టిన ఊరు. అక్కడి మ్యూజియంకి పాపని తీసుకువెళ్ళాను. విలియమ్ కాక్స్‌టన్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆ విద్యని 1471-72లో కొలోన్‌లో నేర్చుకుని, 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఇంగ్లండులో అదే మొదటిది. సరిగ్గా ఆ కాలంలోనే ఇంగ్లీషు జనం నోటిలో అచ్చులు జరిగిపోతున్నాయి. 'నామె' కాస్తా 'నేమ్' అవుతోంది. పాత ఉచ్చారణకి సరిపోయిన రాత అచ్చులో బిగిసిపోయింది, నోరు మాత్రం ముందుకు నడిచిపోయింది. 'గోస్ట్' అన్న మాటలో అక్కరలేని హెచ్ కూడా ఆ అచ్చుకొట్టంలోని ఫ్లాండర్స్ అలవాటే అంటారు.

ఇది తెలిశాక నా పాఠం మారిపోయింది. ఇంగ్లీషులో 'నైట్' అంటే రాత్రి. మధ్యలో జి, హెచ్ ఎందుకు? పలకవు కదా! జర్మన్‌లో రాత్రి 'నాఖ్ట్'. ఆ జి-హెచ్ చోట ఉన్న 'ఖ్' స్పష్టంగా వినిపిస్తుంది. వెలుగు ఇంగ్లీషులో 'లైట్', జర్మన్‌లో 'లిఖ్ట్'. కూతురు 'డాటర్', 'టోఖ్టర్'. ఎనిమిది 'ఎయిట్', 'ఆఖ్ట్'. మోకాలు ఇంగ్లీషులో 'నీ', ముందు కె పలకదు. జర్మన్‌లో 'క్నీ', కె హాయిగా పలుకుతుంది. మా పాపే ఒక సూత్రం కట్టింది. "ఇంగ్లీషులో నిద్రపోయే అక్షరాలు జర్మన్‌లో లేచి ఉంటాయి నాన్నా." తెనాలిలో నేను పలకని అక్షరాలన్నిటినీ బెత్తం దెబ్బలతో బట్టీ పట్టాను. మా పిల్ల వాటిని చెవితో పట్టుకుంటోంది. జర్మనీలో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్ళకి నేను చెప్పగలిగే ఒకే ఒక్క చిట్కా ఇది. జర్మన్‌ని ఇంగ్లీషుకి అడ్డం అనుకోకండి, అది నిచ్చెన.

ఇంకో మెట్టు పైకెక్కితే మన ఇల్లు కూడా కనిపిస్తుంది. మాకు తూర్పున ఇరవై కిలోమీటర్ల దూరంలో హనావు. గ్రిమ్ అన్నదమ్ములు పుట్టిన ఊరు. కథల గ్రిమ్‌లే. పెద్దాయన యాకబ్ గ్రిమ్ 1822లో తన జర్మన్ వ్యాకరణం రెండో కూర్పులో ధ్వనులు ఎలా మారాయో సూత్రం కట్టాడు. సంస్కృతంలో 'ప' ఉన్నచోట ఇంగ్లీషులో, జర్మన్‌లో 'ఫ' వస్తుంది. పితృ, ఫాదర్, ఫాటర్. పాదం, ఫుట్, ఫూస్. ఇక నామం, నేమ్, నామె సరేసరి. ఈ పాదం, నామం మనం సంస్కృతం నుంచి తెచ్చుకుని సొంతం చేసుకున్నవే కదా. మా అమ్మ పూజలో కేశవనామాలు చదువుతుంటే ఫోనులో విన్న పాప "నానమ్మా, నామం అంటే నామె కదా!" అని అరిచింది. మా అమ్మకి అర్థం కాలేదు గానీ సంతోషించింది. గ్రిమ్ కథలు 1823లో లండన్‌లో ఇంగ్లీషులోకి వచ్చాయి. కిండర్‌గార్టెన్‌లో విన్న కథలే కాబట్టి మా పాప వాటిని ఇంగ్లీషులో చదువుతుంటే మాట తెలియకపోయినా కథ చేయిపట్టుకుని నడిపిస్తుంది. తెలిసిన కథతో తెలియని భాష, ఇంతకన్నా మంచి వాచకం నాకు దొరకలేదు.

ఈ వేసవి సెలవుల్లో హాలే అనే ఊరికి వెళ్ళాం, రైల్లో సుమారు మూడు గంటలు. చాలామందికి తెలియదు గానీ అది తెలుగువాళ్ళు చూడవలసిన ఊరు. 1698లో ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అక్కడ కట్టించిన అనాథాశ్రమం, బడుల సముదాయం ఇంకా నిలిచి ఉంది. పైఅంతస్తులో దక్షిణభారతం నుంచి వెళ్ళిన వస్తువులు కూడా ఉన్న పాతకాలపు వింతల గది ఉంది. ఆ సంస్థ పంపిన మనుషుల్లో బెంజమిన్ షుల్ట్‌జ్ ఒకడు. 1719లో తరంగంబాడి చేరాడు, 1726లో మద్రాసు వెళ్ళి బడి పెట్టాడు. తెలుగు నేర్చుకుని 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. అది అచ్చయ్యేసరికి 1984 అయింది, అదీ హాలేలోనే. 1743లో తిరిగివచ్చాక తెలుగు అక్షరాలు పోతపోయించి, 1746-47లో లూథర్ ప్రశ్నోత్తర గ్రంథం వంటివి అచ్చు వేయించాడు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలుగా మన చరిత్రకారులు చెప్పేవి అవే. ఆయన పని మతప్రచారం, అందులో దాపరికం లేదు. కానీ మన అచ్చు అక్షరం మొదట కళ్ళు తెరిచింది జర్మనీలో.

నన్ను ఇంకా కట్టిపడేసింది వేరే పుస్తకం. మద్రాసు పట్నం గురించి షుల్ట్‌జ్ తెలుగులో ముప్పై సంభాషణలు కూర్చాడు. పుస్తకం పేరులో తెలుగుని అప్పటి ఇంగ్లీషువాళ్ళ మాటలో 'గెంటూ' అనీ, తమిళులు మనల్ని పిలిచే 'వడుగు' అన్న మాటని తిప్పి మరో పేరుతోనూ పిలిచాడు. 1750లో ఆ సంభాషణల్ని తానే ఇంగ్లీషులోకి మార్చి, కొత్తగా బయల్దేరే కుర్రకారు కోసమని హాలేలో అచ్చువేయించాడు. ఆలోచించండి. ఒక జర్మన్, తెలుగులో రాసి, ఇంగ్లీషులో చదివిస్తున్నాడు. మా వంటగది బల్ల మీద ఉన్న మూడు భాషలూ 1750లోనే ఒక పుస్తకంలో కలిసి కూర్చున్నాయి. అదీ ముప్పై మాటామంతీలుగా, బట్టీకి అక్షరాల జాబితాగా కాకుండా. ఇంటికి రాగానే నేనూ పాపా ఆ పని మొదలెట్టాం. రొట్టెల దుకాణంలో, ట్రాములో, డాక్టరు దగ్గర జరిగే మాటలు. ముందు తెలుగులో అనుకుంటాం, తరవాత ఇంగ్లీషులో రాస్తాం. ఇప్పటికి తొమ్మిదయ్యాయి.

మనవైపునుంచి వెళ్ళిన ఒక పద్ధతి కూడా చెప్పి తీరాలి. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు 1789లో మద్రాసు ఎగ్మోరులోని సైనికుల అనాథపిల్లల బడికి పెద్ద అయ్యాడు. ఒక ఉదయం గుర్రం మీద వెళుతూ వీధి అరుగు మీది బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలో పెడదామంటే పంతుళ్ళు కుదరదన్నారు. ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడికి అప్పగిస్తే వాడు చిన్నపిల్లలకి ఇసుకలో ఇంగ్లీషు అక్షరాలు నేర్పేశాడు. బెల్ 1797లో లండన్‌లో ఈ ప్రయోగం గురించి పుస్తకం వేశాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండు బీదపిల్లల బడులన్నిటికీ పాకింది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పడం, ఇసుకబల్ల మీద రాయడం. మన అరుగుబడి ఇసుకలో ఇంగ్లండు పిల్లలు తమ ఇంగ్లీషు నేర్చుకున్నారు. మనమేమో ఇంగ్లీషు కోసం ఆ ఇసుక పారబోసి కాపీపుస్తకాలు కొన్నాం. ఇప్పుడు మా ఇంట్లో కేకు కాల్చే పళ్ళెంలో ఆటస్థలం ఇసుక ఉంటుంది. తప్పు పడితే అరచేత్తో చెరిపేస్తుంది, ఎర్రసిరా అక్కరలేదు. పాప అక్షరాభ్యాసం బియ్యప్పళ్ళెంలో చేయించాం కదా, అది గుర్తొచ్చి ఇదీ పండగే అనుకుంటుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ నా గొప్పలు. ఇక అసలు సంగతి. మార్చిలో ఒక ఆదివారం మా అమ్మ తెనాలి నుంచి వీడియోలో మాట్లాడుతోంది. పాప తను చదివిన ఇంగ్లీషు కథ గడగడా ఇంగ్లీషులోనే చెప్పింది. నేను పక్కన నిలబడి పొంగిపోతున్నాను. అమ్మ అంతా విని, నవ్వి, "బాగా చెప్పావు తల్లీ" అంది. పాప వెళ్ళాక నాతో నెమ్మదిగా అంది, "ఇన్నాళ్ళూ జర్మన్ అయితే పోనీ, బడి కోసమనుకున్నా. ఇక నాతో కూడా ఇంగ్లీషేనా నాన్నా?" ఆమె ఐదో తరగతి చదివింది. మనవరాలితో మాట్లాడటానికి ఆమెకున్నది ఒకే ఒక్క భాష.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లెక్క వేసుకున్నాను. రోజుకి ఆరుగంటలు జర్మన్. అరగంట ఇంగ్లీషు. ఆ అరగంట ఎక్కడినుంచి వచ్చింది? అంతకుముందు రోజూ రాత్రి నేను చెప్పే తెలుగు కథ నుంచి. బడి సమయంలోంచి ఇంగ్లీషుకి నిమిషం కూడా దొరకదు. దొరికేది తెలుగు దగ్గరే. అడగని భాష దగ్గరే మనం అప్పు చేస్తాం.

దీనికీ ఒక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తరవాత అమెరికాలో జర్మన్ అంటే పగ. 1919లో నెబ్రాస్కా రాష్ట్రం ఎనిమిదో తరగతి దాటని పిల్లలకి ఇంగ్లీషు తప్ప ఇంకే భాషా నేర్పకూడదని చట్టం చేసింది. 1920 మేలో రాబర్ట్ మేయర్ అనే లూథరన్ బడిపంతులు పదేళ్ళ పిల్లవాడికి జర్మన్ చదవడం నేర్పుతూ పట్టుబడ్డాడు. ఇరవై ఐదు డాలర్ల జరిమానా వేశారు. ఆయన కట్టకుండా పోరాడితే, 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. బిడ్డకి ఏ భాష నేర్పాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకి ఉందంది. మేయర్ కేసు గెలిచాడు. కానీ విస్కాన్సిన్‌లో, నెబ్రాస్కాలో ఆ జర్మన్ కుటుంబాల మునిమనవలు ఇవాళ ఎక్కువమంది ఇంగ్లీషే మాట్లాడతారు. కోర్టు హక్కు ఇవ్వగలదు గానీ సాయంత్రం అరగంట ఇవ్వలేదు. మనకి తెలుగు వద్దని ఏ ప్రభుత్వమూ చట్టం చెయ్యలేదు. నేనే మా ఇంట్లో ఆ చట్టం చేసినంత పని చేశాను.

ఇప్పుడు మా ఇంటి బడి వేళలు మారాయి. ఇంగ్లీషు వారానికి మూడు రోజులు, అరగంటే. తెలుగు కథ ఏడు రోజులూ, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆదివారం నానమ్మకి పాప తను చదివిన ఇంగ్లీషు కథ తెలుగులో చెప్పాలి. ఇది అన్నిటికన్నా కష్టమైన పాఠమని తేలింది. తోడేలు, మేకపిల్లలు సులువుగానే వచ్చాయి. సవతితల్లి దగ్గర ఆగిపోయింది. నానమ్మ అందించింది. నేను నేర్పని మాటలు ఇప్పుడు తెనాలి నుంచి వస్తున్నాయి.

పోయిన వారం పాప ఇసుకపళ్ళెంలో మూడు వరసలు రాసింది. ఇంగ్లీషులో నేమ్, దాని కింద జర్మన్‌లో నామె, అవే అక్షరాలు. మూడో వరసలో తెలుగులో 'నామం', సున్నా కాస్త పెద్దదైంది. ఫోటో తీసి అమ్మకి పంపాను. అమ్మ జవాబుగా వాయిస్ మెసేజ్ పెట్టింది, "సున్నా అంత పెద్దది పెడితే పక్క అక్షరానికి చోటెక్కడే తల్లీ" అని. పాప చెరిపేసి మళ్ళీ రాసింది.

మీ ఇళ్ళలో ఈ మూడు కుండలూ ఒకే పొయ్యి మీద ఎలా ఉడుకుతున్నాయో మాకు రాయండి. వచ్చే కార్యక్రమంలో చదువుకుందాం.